సూరతులో తెలుగు జాలపుట

సూరతు నగరమునకు దక్షిణదిశలో, పాండేసర పారిశ్రామికవాడలోని అద్దకపు మిల్లులకు చేరువగా, ఒకప్పుడు విడి గ్రామమై ఇప్పుడు మహానగరములో కలిసిపోయిన వడోద్ అను పేట కలదు. ఉపాధిని వెదకికొనుచు ఒడిశా నుండి, ఉత్తరప్రదేశ్, బీహారుల నుండి, మహారాష్ట్ర నుండి వచ్చిన శ్రామికులతో ఈ దక్షిణ సూరతు పేటలు నిండియున్నవి. ఈ నగరమునకే తెలంగాణ జిల్లాలలో చేమగ్గము కూడు పెట్టలేని కాలమున, మరమగ్గముల పనికై ఆలుబిడ్డలతో తరలివచ్చి, లింబాయత్ మొదలైన తావులలో స్థిరపడిన పద్మశాలీలును కలరు. తాపీనదీ తీరమున తెలుగు మాట వినబడుట ఆ విధముగా సంభవించినది. సూరతు మహానగరపాలక సంస్థ నడుపు ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమములతో పాటు తెలుగు మాధ్యమమును ఉండుట ఈ వలసచరిత్రకు గట్టి సాక్ష్యము.

అట్టి పాఠశాలలో ఓనమాలు దిద్దిన వడోద్ బాలిక ఒకతె, పై తరగతులకు వేరు మాధ్యమములోనికి మారి, కళాశాలలో బి.సి.ఎ. చదువునకు చేరినదనుకొందము. ఆ ప్రాంతపు కళాశాలలు 1965లో స్థాపింపబడిన దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. సూరతులో పుట్టి, గుజరాతీ భాషకు నర్మకోశమను నిఘంటువును ఒంటిచేతితో నిర్మించిన కవి నర్మద్ పేరు 2004లో ఆ విశ్వవిద్యాలయమునకు చేరినది. అక్కడ ఆమె చదువవలసిన విషయములలో జాలపుటల రూపకల్పన ఒకటి. తెలుగు రాష్ట్రముల డిగ్రీ కళాశాలలలో వెబ్ టెక్నాలజీస్ అను పేర బోధింపబడునదియు ఇంచుమించు ఇదియే. ఈ పాఠ్యాంశమున ఏమి చెప్పుదురు, ఏది చెప్పక విడిచిపెట్టుదురు, విడిచిన దానివలన తెలుగు బిడ్డకు కలుగు లోటేమి అనునది ఈ వ్యాసమున విచారింపదలచితిని. నా అభిప్రాయమును ముందే విన్నవించెదను: ఏ విద్యార్థియైనను తన లిపిలో ఒక పుట వ్రాసి, దానిని తన ఇంటివారి ఫోనులో చదివించి చూచునంతవరకు, ఈ విద్యలో తొలి మెట్టు ఎక్కినట్లు కాదు.

ప్రవేశమునకు ఈ విద్య పెట్టు షరతులు మిక్కిలి స్వల్పములు. గణితమున ప్రావీణ్యము అక్కరలేదు. ఖరీదైన సాఫ్ట్‌వేరు అక్కరలేదు. ఒక సాధారణ కంప్యూటరు, దానిలో వట్టి అక్షరములను వ్రాసికొనుటకు నోట్‌ప్యాడ్ వంటి సాధనము, వ్రాసినదానిని చూచుటకు ఒక బ్రౌజరు ఉన్నచో చాలును. ఇంత తక్కువ పెట్టుబడితో ప్రపంచమంతయు చదువగల వస్తువును తయారుచేయనిచ్చు విద్య మఱియొకటి నాకు తోచుట లేదు. ఈ సౌలభ్యము యాదృచ్ఛికము కాదు. స్విట్జర్లండులోని సెర్న్ పరిశోధనాలయమున, నానాదేశముల శాస్త్రజ్ఞులు నానావిధములైన కంప్యూటర్లతో పనిచేయుచు, ఒకరి పత్రము ఒకరి యంత్రమున తెరచుకొనక ఇబ్బందిపడుచున్న దినములలో, టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో ఒక ప్రతిపాదనను సమర్పించి, 1990 చివరకు తొలి సర్వరును, తొలి బ్రౌజరును సిద్ధపరచెను. 1993 ఏప్రిల్ 30వ తేదీన సెర్న్ ఈ సృష్టిపై తనకుగల హక్కులను వదలుకొని లోకమునకు ఉచితముగా ధారపోసెను. ఆ దానము జరుగకున్నచో, వడోద్ విద్యార్థిని నేడు పుట వ్రాయుటకు ఏ సంస్థకో రుసుము చెల్లింపవలసివచ్చెడిది.

ఏ యంత్రముననైనను తెరచుకొనవలెనన్న సంకల్పము నుండియే ఈ విద్యయొక్క మూలసూత్రము వెలువడినది. పుటను వ్రాయువాడు ఇది శీర్షిక, ఇది ఉపశీర్షిక, ఇది పేరా, ఇది జాబితా, ఇది మఱియొక పుటకు పోవు లంకె అని ప్రతి భాగముయొక్క స్వభావమును ప్రకటింపవలెను. అది ఎంత పెద్దదిగా, ఏ రంగున, ఎచ్చట కనబడవలెనన్నది వేరు విషయము. స్వభావమును ప్రకటించు గుర్తులను ట్యాగులందురు. ఆ ట్యాగుల భాషయే హెచ్.టి.ఎం.ఎల్. సూరతు వాసులకు ఈ విభజనను బోధించుటకు దూరము పోనక్కరలేదు. మరమగ్గముపై పడుగు పేకలు కలిసి దిగివచ్చు వస్త్రము రంగులేని గ్రే బట్ట. దానిని నేసిన షెడ్డు ఒకచోటను, దానికి రంగులద్ది పూవులచ్చు వేయు పాండేసర మిల్లు మఱియొకచోటను ఉండును. నేతలో తెగిన పోగును అద్దకము సరిచేయలేదు. ఒకే గ్రే బట్ట మాత్రము పది అద్దకములకు పది చీరలగును. హెచ్.టి.ఎం.ఎల్. ఆ నేత, రంగులను, కొలతలను, అమరికను నిర్ణయించు సి.ఎస్.ఎస్. ఆ అద్దకము.

ఈ రెండును మొదటినుండి విడివిడిగా లేవు. జాలము పుట్టిన తొలి సంవత్సరములలో పుటను అందగించుటకు వేరు సాధనము లేనందున, బ్రౌజరు నిర్మాతలు రంగునకొక ట్యాగు, అక్షరముల పరిమాణమునకొక ట్యాగు పుట్టించుచు పోయిరి. పుటను నిలువుటరలుగా చీల్చుటకై లెక్కలకు ఉద్దేశింపబడిన పట్టికలను వాడిరి. హోకన్ వీయుమ్ లీ అను నార్వే దేశీయుడు 1994లో ఈ కలగాపులగమును విడదీయు మార్గము సూచించగా, 1996 డిసెంబరులో సి.ఎస్.ఎస్. తొలి ప్రమాణము వెలువడెను. దాని శక్తిని నమ్మనివారికి 2003లో డేవ్ షే అను రూపకర్త సి.ఎస్.ఎస్. జెన్ గార్డెన్ అను ప్రదర్శనము నిర్మించి, హెచ్.టి.ఎం.ఎల్.లో ఒక్క అక్షరమైనను మార్చకుండ, కేవలము సి.ఎస్.ఎస్. అలంకారపత్రమును మార్చుటచేత ఒకే పుట ఎన్నెన్ని రూపములు ధరింపగలదో కన్నులకు కట్టించెను. ఇప్పటికిని ఈ పాఠమునకు ఇంతకన్న మంచి ఉదాహరణము నాకు కనబడలేదు. ఉపాధ్యాయులు ఒక గంట దీనికి కేటాయింపదగును.

అయినను మన కళాశాలలలో పలుచోట్ల పాఠ్యప్రణాళిక కాలమునకు వెనుకబడియున్నది. కదలాడు అక్షరముల మార్కీ ట్యాగు, పుటను ముక్కలుచేయు ఫ్రేములు, రంగులను హెచ్.టి.ఎం.ఎల్.లోనే చొప్పించు ఫాంట్ ట్యాగు నేటి ప్రమాణములలో త్యజింపబడినవి. 2014 అక్టోబరులో వెలువడిన హెచ్.టి.ఎం.ఎల్.5 వాటిని వాడరాదని స్పష్టముగా చెప్పినది. అట్లయ్యు పరీక్షలో మార్కులు వచ్చుచున్నవి కనుక విద్యార్థులు వాటిని వల్లెవేసి, గుజరాతులో జర్నల్ అని పిలువబడు ప్రయోగపుస్తకమున కలముతో నకలు వ్రాసి సమర్పించుచున్నారు. ట్యాగులను కాగితముపై వ్రాయించుట నాకు సమ్మతము కాదు. బ్రౌజరు తప్పును చూపి దిద్దుకొమ్మను గురువు. అది కాగితమున లేదు. మూసివేయు గుర్తును మరచినప్పుడు క్రింది పేరాలన్నియు ఒక్కసారిగా పెద్ద అక్షరములైపోవుటను కన్నులార చూచిన విద్యార్థిని ఆ నియమమును మరల మరువదు.

ఇక లిపి విషయము. ప్రామాణిక పాఠ్యగ్రంథములన్నియు ఆంగ్లమును దృష్టియందుంచుకొని వ్రాయబడినవి కావున, ఉదాహరణములన్నియు ఇరువదియారు అక్షరములతో ముగియుచున్నవి. కంప్యూటరు అక్షరములను ఎరుగదు, సంఖ్యలనే ఎరుగును. ఏ సంఖ్య ఏ అక్షరమునకు గుర్తో లోకమంతటికి ఒక ఒప్పందము కావలెను. ఆ ఒప్పందము యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి కూర్పునందే తెలుగునకు స్థానము లభించి, 128 గడుల అర ఒకటి కేటాయింపబడెను. కాని స్థానము లభించుటకును, సామాన్యుని తెరపై తెలుగు కనబడుటకును నడుమ దీర్ఘకాలము గడచినది. ఆ నడిమి దినములలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు రామారావు కన్నెగంటి ప్రభృతులు రైస్ విశ్వవిద్యాలయమున రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతిని అనుసరించి రోమన్ అక్షరములతో తెలుగు వ్రాసికొనిరి. దినపత్రికలు తమ తమ సొంత ఫాంటులను చేయించుకొని, ఆంగ్లాక్షరముల సంఖ్యల మీదనే తెలుగు బొమ్మలను కూర్చినవి. ఆ ఫాంటు లేని యంత్రమున ఆ పత్రిక తెరచినచో అర్థముకాని రోమన్ లిపి కుప్ప కనబడెడిది. ఒక పత్రిక ఫాంటు మఱియొక పత్రికకు పనికిరాకుండెడిది. వెదకినను ఆ వార్తలు దొరకకుండెడివి.

ఆ గోడలను పడగొట్టినవారిలో పెక్కురు జీతము ఆశింపని స్వచ్ఛంద సేవకులు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను పేర్లతో యూనికోడ్ ఫాంటులను రూపొందించి ఉచితముగా నొసగిరి. వెన్న నాగార్జున నిర్మించిన పద్మ అను సాధనము పత్రికల సొంత ఫాంటులను యూనికోడునకు మార్చి చూపెను. వీవెన్ రూపొందించిన లేఖిని, తెలుగు కీబోర్డు తెలియనివారిచేత సయితము తెలుగు వ్రాయించెను. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఈ కృషికి విశాలమైన రంగస్థలమైనది. ఈ చరిత్ర ఏ కళాశాల పాఠమునను లేదు. ఉండవలెనని నా దృఢవిశ్వాసము. ఏలయన, పుట తలభాగమున అక్షరసంకేతము యు.టి.ఎఫ్.-8 అని ప్రకటించు చిన్న పంక్తిని పుస్తకములు ఒక మంత్రమువలె వ్రాయించి ముందుకు పోవుచున్నవి. ఆ పంక్తిని తొలగించి తెలుగు పుటను తెరచి, అక్షరములు చెదరి వింత గుర్తులగుటను చూచిన విద్యార్థికి దాని ప్రాణము తెలియును.

స్త్రీ అను ఒక్క అక్షరమును తీసికొనుడు. చూపునకు ఒక్కటి, యంత్రమునకు సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫ, గుడిదీర్ఘము అను ఆరు సంకేతములు. యు.టి.ఎఫ్.-8లో తెలుగు సంకేతమొక్కొక్కటి మూడు బైట్లు గనుక ఆ ఒక్క అక్షరము పదునెనిమిది బైట్లు. దరఖాస్తు పుటలో పేరు గడికి పది సంకేతములని హద్దు పెట్టినచో, కంటికి నాలుగక్షరములైన శ్రీనివాస్ అను పేరు ఆ హద్దును పూర్తిగా నింపివేయును; ఇంటిపేరు వ్రాయుటకు చోటుండదు. ఆంగ్లమున పరీక్షించి తృప్తిపడిన రూపకర్తకు ఈ సంగతి ఎన్నటికిని తెలియదు. దరఖాస్తు నింపలేక తన పేరును కత్తిరించుకొను మనిషికి మాత్రమే తెలియును.

అక్షరముల ఎత్తు మఱియొక చిక్కు. రోమన్ అక్షరము గీతకు పైన కొంత, క్రింద కొంత ప్రాకును; తెలుగు అక్షరము పైన గుడితోను, తలకట్టుతోను లేచి, క్రింద వత్తుతో, కొన్ని వేళల వత్తు క్రింద వత్తుతో దిగును. ఆంగ్లమునకు సరిపోయిన పంక్తుల ఎడము తెలుగునకు చాలక, పై పంక్తి వత్తులు క్రింది పంక్తి గుడులకు తగులుకొనును. సి.ఎస్.ఎస్.లో లైన్-హైట్ అను విలువను తెలుగు పుటకు 1.6 నుండి 1.8 వరకు ఉంచుట మేలని నా అభిప్రాయము. మీటల వంటి పెట్టెలకు నిర్ణీతమైన ఎత్తు పెట్టినచో వత్తులు కోతపడును. లోపలి అక్షరములను బట్టి పెట్టె పెరుగునట్లు విడువవలెను. వాలు అక్షరము మన ముద్రణ సంప్రదాయమున లేదు. ఇటాలిక్ అని ఆజ్ఞాపించినచో బ్రౌజరు తెలుగు అక్షరమును బలవంతముగా ప్రక్కకు వంచును, అది చూడ శోభింపదు. నొక్కి చెప్పవలసినచోట లావు అక్షరమునో, వేరు రంగునో వాడుట మనకు తగియున్నది.

లావు విషయమునను జాగ్రత్త కావలెను. సిలికానాంధ్ర ప్రభృతుల ప్రోత్సాహమున వెలువడి గూగుల్ ఫాంటులలో ఉచితముగా లభించుచున్న తెలుగు ఫాంటులలో మండలి, ఎన్.టి.ఆర్., గిడుగు, సూరన్న, ధూర్జటి మొదలైనవి ఒకే లావు గలవి. వాటిని ఇంకను లావు చేయుమన్నచో బ్రౌజరు కృత్రిమముగా దట్టించి అక్షరపు కన్నులను పూడ్చివేయును. శీర్షికలకు రామభద్ర వంటి స్థూలమైన ఫాంటును, పాఠమునకు మండలివంటి సన్నని దానిని జతపరచుట ఒక మార్గము. పలు లావులు గల నోటో సాన్స్ తెలుగును ఎన్నుకొనుట మఱియొక మార్గము. గుణింతములకు, వత్తులకు వేర్వేరు బొమ్మలు వలసియున్నందున తెలుగు ఫాంటు వంద కిలోబైట్లు దాటుట సామాన్యము. కావున ఒక పుటకు రెండు ఫాంటులకు మించి తగిలింపరాదు.

సూరతు తరగతి గదికి ఒక అదృష్టము కలదు. ఒకే బల్లపై కూర్చున్న నలుగురు నాలుగు లిపులలో ఇంటికి జాబు వ్రాయువారై యుండవచ్చును. ఉపాధ్యాయుడు ఒకే పాఠమును గుజరాతీ, దేవనాగరి, ఒడియా, తెలుగు లిపులలో వ్రాయించి ప్రక్కప్రక్కన నిలిపినచో, ఏ పుస్తకమును బోధింపలేని విషయములు గంటలో తేటపడును. అప్పుడే లాంగ్ అను గుణముయొక్క ప్రయోజనమును చెప్పవచ్చును. ఈ భాగము తెలుగు అని టి, ఇ అను రెండు అక్షరములతో ప్రకటించుట చూచువారికి కనబడదు. కాని చూపు లేనివారు వాడు తెరచదువరి సాధనము దానినిబట్టియే ఏ భాషా స్వరముతో చదువవలెనో నిర్ణయించుకొనును. ఆస్ట్రేలియాలో 2006లో పుట్టి ఉచితముగా లభించు ఎన్.వి.డి.ఎ. అట్టి సాధనము, దానితో వచ్చు ఈస్పీక్ స్వరము తెలుగును చదువగలదు. వికలాంగుల హక్కులను గూర్చి మన దేశమున 2016లో చేయబడిన చట్టము సమాచారము అందరికిని అందవలెనని కోరుచున్నది. బొమ్మకు వివరణవాక్యము వ్రాయుట, రంగుల నడుమ తగినంత అంతరము పాటించుట ఈ విధిలోని భాగములే. అక్షరమునకును నేలకును మధ్య కాంతిభేదము 4.5కు 1 నిష్పత్తికి తగ్గరాదని అంతర్జాతీయ నియమము. లేత పసుపుపై తెల్లని అక్షరము అద్దిన పుట ఎండలో నడచుచు చూచువానికి గ్రుడ్డితనమునే కల్పించును.

పుట కంప్యూటరు ప్రయోగశాలలోని వెడల్పు తెరపై పుట్టును; జీవించునది చేతి ఫోనులో. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన పిదప మగ్గముల షెడ్లలోని కార్మికునకు సయితము జాలము అందుబాటైనది. అతని తెర అరచేయంత. వ్యూపోర్ట్ అను ఒక పంక్తి పుట తలలో లేనిచో ఫోను తనను తాను కంప్యూటరు తెరగా భావించుకొని, పుటనంతయు కుదించి చీమ తలలంత అక్షరములతో చూపును. తెర వెడల్పునుబట్టి పుట తన అమరికను తానే మార్చుకొను పద్ధతికి 2010లో ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ రూపకల్పన అని నామకరణము చేసెను. నేటి పాఠములలో దానికి తొలివారముననే చోటు దక్కవలెను. జావాస్క్రిప్టు తరువాత నేర్వవచ్చును. 1995లో బ్రెండన్ ఐక్ పది దినములలో తొలి రూపము నిర్మించిన ఆ భాష నేడు మహావృక్షమైనది, ప్రారంభ విద్యార్థికి మీట నొక్కిన ఏమి జరుగవలెనో చెప్పునంత చాలును.

తెలుగు సంఘముల ప్రకటనలు, పెండ్లి సంబంధముల వివరములు, చీరల ధరలు మొదలైనవన్నియు బొమ్మలుగా అచ్చొత్తించి వాట్సాప్‌లో పంచుకొనుట మనవారి అలవాటు. బొమ్మలోని అక్షరములు వెదకుటకు దొరకవు. పెద్దవి చేసినచో మసకబారును. తెరచదువరికి అవి లేనట్లే. ఈ ఒక్క అలవాటును మాన్పించినను ఈ పాఠ్యాంశము తెలుగువారికి మహోపకారము చేసినట్లగును. కావున సెమిస్టరు చివరి ప్రాజెక్టుగా, ఉన్న సినిమా పుటకో, కల్పిత హోటలుకో నకలు తీయుటకు మారుగా, వీధిలోని ఒక చీరల వర్తకునకు పుట చేయింపవలెనని నా సూచన. చీర అయిదున్నర మీటర్లు, రవికె గుడ్డ ఎనుబది సెంటీమీటర్లు, కలిసి 6.30 మీటర్లు, రకము, రంగు, ధర అను తలవరుసలతో ఒక పట్టిక. పట్టిక అను ట్యాగు పుట్టినది ఇట్టి పనికే. ఫోను కెమెరా తీసిన అనేక మెగాబైట్ల చిత్రమును రెండు వందల కిలోబైట్ల లోపునకు కుదించి, దాని క్రింద చీర వర్ణనను తెలుగు, గుజరాతీ భాషలలో అక్షరములుగా వ్రాయవలెను. సూరతు సరుకు తెలుగునాట దుకాణములకు విరివిగా పోవుచున్నది గనుక ఆ తెలుగు వర్ణనకు పాఠకులు నిశ్చయముగా కలరు.

మౌఖిక పరీక్షలో పరీక్షకుడు ట్యాగుల జాబితాను అడుగుటకన్న, అలంకారపత్రమును తొలగించి పుట క్రమము చెడక చదువుటకు వీలుగా నున్నదో లేదో చూచుట, ఒక చవుక ఫోనులో తెరచి చూచుట, శీర్షికలో స్త్రీ అని వ్రాయించి వత్తులు కోతపడినవేమో పరిశీలించుట మేలు. ఇట్టి నిశ్చలమైన పుటలను గిట్‌హబ్ పేజెస్ వంటి చోట్ల రుసుము లేకుండ నిలుపవచ్చును. విద్యార్థిని జర్నల్‌లో అతికింపవలసినది చేతివ్రాత నకలు కాదు, ఆ పుట చిరునామా. వర్తకుడు ఇష్టపడి కొంత రుసుము చెల్లించినచో డాట్ భారత్ అను కొస తెలుగు లిపిలోనే లభించుచున్నది గనుక ఆ చిరునామాను సయితము ఆదినుండి తుదివరకు తెలుగులోనే పెట్టికొనవచ్చును.